దేహధర్మం, స్వభావం: వ్యాయామ ప్రేరణపై ఒక విచారణ

శరీరానికి వ్యాయామం మేలు చేస్తుందని తెలియనివారు నేడు దాదాపు లేరు. అయినా తెలిసిన ఆ మేలును నిత్యజీవితంలో నిలుపుకోలేక, ఉత్సాహంగా మొదలుపెట్టి కొన్నాళ్లకు మానేసి, మళ్లీ ఏ ఉగాదికో పుట్టినరోజుకో కొత్తగా సంకల్పం చెప్పుకొనేవారే ఎక్కువ. లోకం దీన్ని బద్ధకమనే ఒక్క మాటతో తేల్చేస్తుంది. అయితే మంచిదని ఎరిగిన పనిని మనిషి ఎందుకు చేయలేకపోతున్నాడన్నది వైద్యుణ్ణి అడగడానికి ముందు తాత్త్వికుణ్ణి అడగవలసిన ప్రశ్న. గ్రీకు తాత్త్వికుడు అరిస్టాటిల్ ‘నికొమాకియన్ ఎథిక్స్’ ఏడవ భాగంలో ఈ స్థితిని అక్రేసియా అన్న పేరుతో, అంటే మేలేదో తెలిసి కూడా దానికి విరుద్ధంగా నడిచే దౌర్బల్యమన్న అర్థంలో, విస్తారంగా చర్చించాడు. భగవద్గీత మూడవ అధ్యాయం చివర అర్జునుడు వేసిన ప్రశ్న కూడా ఈ కోవలోనిదే; తనకు ఇష్టం లేకపోయినా ఎవరో తోసినట్టు మనిషి తప్పుదారి పట్టడానికి కారణమేమిటని అతడు కృష్ణుణ్ణి అడుగుతాడు.

ఈ ప్రశ్నకు రెండు జవాబులు వాడుకలో ఉన్నాయి. స్వభావాన్ని అణచి, ఇష్టాయిష్టాలను పక్కనపెట్టి, శరీరాన్ని క్రమశిక్షణకు లొంగదీయాలన్నది మొదటిది. ఎవరి మనస్తత్వానికి నప్పే వ్యాయామాన్ని వారు ఎంచుకుంటే ప్రేరణ దానంతట అదే పుడుతుందన్నది రెండోది. మొదటి జవాబు భారమంతా సంకల్పం మీదే వేస్తుంది కనుక సంకల్పం సడలిన రోజున సాధన కూడా ఆగిపోతుంది. రెండో జవాబు ఇష్టాన్నే ప్రమాణం చేస్తుంది కనుక ఇష్టం తగ్గిననాడు మానేయడానికి ముందుగానే అనుమతి ఇచ్చేస్తుంది. భారతీయ శాస్త్రగ్రంథాలనూ, గ్రీకు నీతిశాస్త్రాన్నీ, ఆధునిక మనోవిజ్ఞానాన్నీ పక్కపక్కన పెట్టి చదివితే ఈ రెండింటికీ భిన్నమైన ఒక నిర్ణయం సాధ్యమవుతుంది. ప్రేరణను స్వభావంలో ఉన్న బలం నుంచి తీసుకోవాలి. వ్యాయామపు తీరునూ మోతాదునూ స్వభావంలో ఉన్న కొరతను చూసి నిర్ణయించాలి.

గీత మూడవ అధ్యాయంలో 33, 34, 35 శ్లోకాలు ఒకదాని వెంట ఒకటి వచ్చే వరుసలోనే ఈ నిర్ణయానికి ఆధారం ఉంది. ప్రాణులన్నీ తమ ప్రకృతిని అనుసరించే నడుస్తాయనీ, జ్ఞాని కూడా ఇందుకు మినహాయింపు కాడనీ, వట్టి నిగ్రహం వల్ల ఒరిగేదేమీ లేదనీ 33వ శ్లోకం చెబుతుంది. ప్రకృతి అంటే పూర్వం చేసిన ధర్మాధర్మాల సంస్కారం ఈ జన్మలో వ్యక్తమైన రూపమని శంకరాచార్యులు తమ భాష్యంలో వివరించారు. అందరూ ప్రకృతిని బట్టే నడిచేటట్లయితే మానవప్రయత్నానికి చోటెక్కడ, శాస్త్రానికి పనేమిటి అన్న ఆక్షేపణను కూడా వారే లేవనెత్తి, 34వ శ్లోకం దానికి సమాధానమని చూపారు. ప్రతి ఇంద్రియానికీ దాని విషయంలో రాగద్వేషాలు, అంటే ఇష్టమూ అయిష్టమూ, కాచుకొని ఉంటాయనీ, మనిషి వాటికి వశం కారాదనీ ఆ శ్లోకం హెచ్చరిస్తుంది. ప్రకృతి మనిషిని నడిపేది రాగద్వేషాలను ముందు పెట్టుకొనే కాబట్టి, ఆ రెండింటినీ అదుపు చేసినవాడు ప్రకృతికి బానిస కాకుండా నిలబడగలడన్నది శంకరుల వివరణ. ఆ తరువాతే 35వ శ్లోకం, పరధర్మాన్ని చక్కగా నెరవేర్చడం కన్నా స్వధర్మాన్ని లోపాలతోనైనా ఆచరించడం మేలని బోధిస్తుంది. అక్కడ స్వధర్మమన్నది వర్ణాశ్రమాల సందర్భంలో వచ్చిన మాటే అయినా, ఆ మూడు శ్లోకాల్లోని తర్కం దేహసాధనకు చక్కగా అన్వయిస్తుంది. ఒంటరిగా నడవడం నచ్చుతుందా, నలుగురితో కలిసి ఆడటం నచ్చుతుందా అన్నది స్వభావానికి చెందిన విషయం. ఇవాళ చలిగా ఉంది కనుక లేవబుద్ధి కావడం లేదన్నది ద్వేషానికి చెందిన విషయం. మొదటిదాన్ని మన్నించాలి, రెండోదాన్ని దాటాలి. ఈ రెండింటినీ ఒకటిగా పొరబడటం వల్లనే స్వభావమన్న మాట చాలామందికి సాకుగా మారుతోంది.

ఆయుర్వేదం ఈ విచారణను దేహానికి మరింత దగ్గరగా తీసుకువచ్చింది. చరకసంహిత సూత్రస్థానం ఏడవ అధ్యాయం, శరీరానికి స్థైర్యాన్నీ బలాన్నీ ఇచ్చే అభీష్టమైన శరీరచేష్టను వ్యాయామమని నిర్వచించి, దాన్ని మాత్రతో, అంటే తగిన మోతాదులో, చేయాలని విధించింది. ఒళ్లు తేలికపడటం, పనిచేసే సామర్థ్యం పెరగడం, కష్టాన్ని ఓర్చుకునే శక్తి, జఠరాగ్ని వృద్ధి దాని ఫలితాలని చెప్పి, మితిమీరితే అలసట, దప్పిక, దగ్గు, జ్వరం వంటివి కలుగుతాయని వెంటనే హెచ్చరించింది. అదే గ్రంథం విమానస్థానం ఎనిమిదవ అధ్యాయంలో వాత, పిత్త, కఫ ప్రకృతులను, అంటే పుట్టుకతో వచ్చిన దోషాల పాళ్లను బట్టి ఏర్పడే దేహస్వభావాలను, వివరంగా వర్ణించింది. వాతప్రకృతి గలవారు పనిని త్వరగా ఆరంభిస్తారనీ, కఫప్రకృతి గలవారు నిదానంగా ఆరంభిస్తారనీ అక్కడ చెప్పి ఉంది. అంటే మనిషి పనిని మొదలుపెట్టే తీరు కూడా ప్రకృతికి ఒక గుర్తేనని చరకుడు గమనించాడన్నమాట. వీటికి ఆయుర్వేదంలోని సామాన్య విశేష సిద్ధాంతాన్ని జోడించి చూడాలి. సమానగుణం గల ఆహారమో కర్మో దేహంలో ఆ గుణాన్ని పెంచుతుందనీ, విరుద్ధగుణం గలది తగ్గిస్తుందనీ ఆ సిద్ధాంతం. దీని ప్రకారం కదలడానికి ఇష్టపడని కఫప్రకృతికే శ్రమతో కూడిన వ్యాయామం ఎక్కువ హితం. ఒకచోట నిలవని వాతప్రకృతికి అతివ్యాయామం అహితం. కాబట్టి ఇష్టం చూపే దిక్కూ హితం చూపే దిక్కూ ఒకటే కానక్కర లేదు.

అరిస్టాటిల్ కూడా ఇటువంటి అభిప్రాయానికే వచ్చాడు. నీతిలో మధ్యమార్గమంటే అంకెలను సగానికి విరవడం కాదని చూపడానికి అతడు మల్లయోధుడు మైలో ఉదాహరణ తీసుకున్నాడు. పది పాళ్ల ఆహారం ఎక్కువ, రెండు పాళ్లు తక్కువ అయినంత మాత్రాన శిక్షకుడు అందరికీ ఆరు పాళ్లు నిర్ణయించడు. ఎందుకంటే అది మైలోకు తక్కువ, అప్పుడే సాము మొదలుపెట్టినవాడికి ఎక్కువ. మోతాదు మనిషిని బట్టి మారాలని ఇలా స్థాపించిన తరువాత, తాను సహజంగా ఎటు ఒరుగుతున్నాడో తన సుఖదుఃఖాలను బట్టి ప్రతివాడూ గుర్తించి, వంకర తిరిగిన కర్రను సరిచేసేవారు దాన్ని రెండో వైపుకు వంచినట్టు, తనను వ్యతిరేక దిశకు లాక్కోవాలని కూడా అతడు సలహా ఇచ్చాడు. ప్రతి వ్యక్తికీ కొలత వేరు అన్నది ఈ సలహాలో ఒక భాగం. స్వభావం ఒరిగిన వైపే మరింత ఒరగరాదన్నది రెండో భాగం. రెండో భాగాన్ని వదిలేసి మొదటి భాగాన్ని మాత్రమే పట్టుకుంటే సలహా సగమే మిగులుతుంది.

ఈ సూత్రం ఆచరణలో ఎలా ఉంటుందో మూడు స్వభావాలను తీసుకొని చూడవచ్చు. కఫలక్షణాలు ఎక్కువగా ఉన్నవారికి ఆరంభం కష్టం, కొనసాగింపు సులువు. స్నేహబంధాలూ అలవాట్లూ వారిని గట్టిగా పట్టి ఉంచుతాయి. తెలుగు ఊళ్లలో దేవాలయాల ముందు సాధన చేసే కోలాటం జట్లలో ఈ బలం ఎలా పనిచేస్తుందో ప్రత్యక్షంగా కనిపిస్తుంది. కోలాటంలో ప్రతి ఒక్కరి కోలా ఎదుటివారి కోలను తాకవలసి ఉంటుంది కనుక ఒక్కరు రాకపోయినా వరుసలో లోటు తెలిసిపోతుంది. నిదానమైన అడుగుతో మొదలైన ఆట పాట జోరందుకున్నకొద్దీ వేగం పెంచుకొని, ఇంట్లో పది నిమిషాలు ఒళ్లు వంచనివారి చేత కూడా చెమటలు పట్టిస్తుంది. అక్కడ వారిని రప్పించింది తోటివారి సాంగత్యం, అంటే వారి స్వభావంలోని బలం. వారికి దక్కింది వేగం, అంటే వారి స్వభావంలోని కొరత. వాతలక్షణాలు ఉన్నవారికి ఆరంభం సులువు, నిలకడ కష్టం. కొత్తదనం వారిని ఆకర్షిస్తుంది కనుక నడిచే దారిని మార్చుకోవడం, కొత్త ఆసనాలు నేర్చుకోవడం వారికి ప్రేరణ కావచ్చు. అయితే చేసే పని మాత్రం నెమ్మదిగా, ఒకే వేళకు జరిగేదై ఉండాలి. పిత్తలక్షణాలు ఉన్నవారికి లక్ష్యం, పోటీ, లెక్క ఉత్సాహాన్నిస్తాయి. లెక్క రాసుకోవడం వారిని ప్రతిరోజూ రంగంలోకి దింపుతుంది. కానీ హద్దు మీరడమే వారికి ముప్పు కాబట్టి ఎండ తీవ్రత లేని వేళల్లో, శక్తి మిగిలి ఉండగానే ఆపడాన్నే వారు లక్ష్యంగా పెట్టుకోవాలి.

ఎక్కడ ఆపాలన్న విషయంలో ప్రాచీన వైద్యులు స్పష్టమైన గుర్తును ఇచ్చారు. వ్యాయామాన్ని అర్ధశక్తితో, అంటే తనకున్న బలంలో సగం మేరకే, చేయాలని సుశ్రుతసంహిత, వాగ్భటుని అష్టాంగహృదయం రెండూ విధించాయి. హృదయస్థానంలో ఉన్న వాయువు నోటిదాకా రావడం, అంటే శ్వాస ముక్కుతో చాలక నోటితో తీసుకోవలసి రావడం, సగం బలం ఖర్చయిందనడానికి లక్షణమని సుశ్రుతుడు చెప్పాడు. ఈ కొలతకు పరికరమూ అక్కరలేదు, పక్కవాడితో పోలికా అక్కరలేదు. బలవంతుడి సగానికి బలవంతుడి శ్వాస, బలహీనుడి సగానికి బలహీనుడి శ్వాస సాక్ష్యం చెబుతాయి. అష్టాంగహృదయం దీనికి ఋతువును కూడా చేర్చి, బలం గలవారు చలికాలంలోనూ వసంతంలోనూ అర్ధశక్తి మేరకు, మిగిలిన కాలాల్లో అంతకంటే తక్కువగా వ్యాయామం చేయాలని నియమించింది.

వ్యక్తిత్వాన్ని గుణాల జాబితాగా చూడటానికి బదులు, మనిషి ఎక్కడ ఆగిపోతున్నాడో చూసి గుర్తించే పద్ధతి పతంజలి యోగసూత్రాల్లో ఉంది. మొదటి పాదంలో ఆయన తొమ్మిది అంతరాయాలను, అంటే సాధనకు అడ్డుపడే చిత్తవిక్షేపాలను, లెక్కించాడు: వ్యాధి, స్త్యానం, సంశయం, ప్రమాదం, ఆలస్యం, అవిరతి, భ్రాంతిదర్శనం, అలబ్ధభూమికత్వం, అనవస్థితత్వం. వ్యాసభాష్యం ప్రకారం స్త్యానం చిత్తం పనికి పూనుకోకపోవడం, సంశయం ఇలాగా అలాగా అని రెండు కొసలనూ తాకే ఆలోచన, ఆలస్యం దేహమనస్సుల బరువు వల్ల కలిగే అప్రవృత్తి, అనవస్థితత్వం చేరిన మెట్టు మీద నిలవలేకపోవడం. లోకం బద్ధకమని ఒక్క పేరుతో పిలిచే దాంట్లో ఇన్ని వేర్వేరు స్థితులు ఉన్నాయి. ఏ వ్యాయామం మంచిదో తేల్చుకోలేక నెలల తరబడి చదువుతూ కూర్చున్నవాడిది సంశయం. అతడికి ఉత్సాహపరిచే మాటలు పనిచేయవు, నమ్మదగిన ఒక గురువో ఒక నిర్ణయమో కావాలి. నెల రోజులు చక్కగా చేసి వదిలేసినవాడిది అనవస్థితత్వం. అతడికి వివరణలు అక్కరలేదు, సాధనను నిలిపే వేళ, చోటు, తోడు కావాలి. అడ్డంకిని సరిగా పేరు పెట్టి గుర్తిస్తే తగిన ప్రేరణ ఏదో సగం తేలినట్టే.

ఆధునిక మనోవిజ్ఞానం ఈ విషయంలో ఒక హెచ్చరికనూ ఒక సిద్ధాంతాన్నీ అందిస్తుంది. స్విట్జర్లాండ్‌కు చెందిన కార్ల్ యూంగ్ 1921లో మానసిక రకాలపై వెలువరించిన గ్రంథం ఆధారంగా తరువాత అమెరికాలో మైయర్స్-బ్రిగ్స్ ప్రశ్నావళి రూపొంది, మనుషులను 16 రకాలుగా విభజించింది. అది ప్రజాదరణ పొందినా, ఒకే వ్యక్తి కొంతకాలం తరువాత మళ్లీ జవాబులు రాస్తే వేరే రకంలోకి మారడం తరచుగా జరుగుతుందన్న విమర్శ దానిపై ఉంది. పరిశోధకులు ఎక్కువగా వాడే పంచగుణ నమూనా మనుషులను గదులుగా విడగొట్టదు. బహిర్ముఖత, క్రమనిష్ఠ, స్నేహశీలత, కొత్తదనంపై ఆసక్తి, ఆందోళన స్వభావం అనే ఐదూ అందరిలోనూ ఎక్కువ తక్కువలుగా ఉంటాయని అది భావిస్తుంది. క్రమనిష్ఠ, బహిర్ముఖత ఎక్కువగా ఉన్నవారు శారీరకంగా కొంత ఎక్కువ చురుకుగా ఉంటారని అధ్యయనాలు చెబుతున్నా, ఆ సంబంధం స్వల్పమే. అంటే స్వభావం మొగ్గు చూపుతుంది, తీర్పు చెప్పదు. ఇక సిద్ధాంతం ఎడ్వర్డ్ డెసి, రిచర్డ్ రయన్ అనే అమెరికన్ మనోవిజ్ఞానులది. 1985లో గ్రంథరూపం దాల్చిన ఆ స్వయంనిర్ణయ సిద్ధాంతం ప్రకారం ఏ స్వభావం గలవారికైనా మూడు మానసిక అవసరాలు ఉంటాయి: తన పనిని తానే ఎంచుకున్నానన్న స్వేచ్ఛ, చేయగలనన్న సామర్థ్యభావం, ఇతరులతో అనుబంధం. ఈ మూడూ తీరినచోట ప్రేరణ లోపలి నుంచి పెరుగుతుంది. దండనకో సిగ్గుకో జడిసి చేసేచోట అది నిలవదు.

ఒకే విద్యను వేర్వేరు స్వభావాలకు వేర్వేరుగా మలచిన గురువుకు తిరుమలై కృష్ణమాచార్యులు (1888–1989) గొప్ప ఉదాహరణ. మైసూరు మహారాజు నాల్గవ కృష్ణరాజ ఒడయరు ఆదరణలో యోగశాల నడిపిన కాలంలో ఆయన బాలురకు వేగమూ గెంతులూ కలిసిన ఆసనక్రమాన్ని నేర్పారు. తరువాత మద్రాసులో ఒక్కొక్కరి వయసు, ఆరోగ్యం, వృత్తి, విశ్వాసం చూసి ఒక్కొక్కరికీ వేరువేరుగా బోధించారు. ఆయన శిష్యుల్లో పట్టాభి జోయిస్ శ్వాసతో ముడిపడిన తీవ్రమైన వరుసక్రమాన్ని, అయ్యంగార్ నిలుపులో కచ్చితత్వాన్ని, ఇంద్రాదేవి సౌమ్యమైన పద్ధతిని, కుమారుడు దేశికాచార్ వ్యక్తికి తగిన సాధనను ప్రపంచానికి పరిచయం చేశారు. ఈ నాలుగింటిలో ఏది అసలైన యోగమన్న వాదన కన్నా, ఒకే గురువు దగ్గర నుంచి ఇన్ని రూపాలు రాగలగడమే ఇక్కడ గ్రహించవలసిన సంగతి. భారతీయ సంప్రదాయం దీన్ని అధికారిభేదం అంటుంది. సాధకుడి యోగ్యతనూ అభిరుచినీ బట్టి ఉపదేశం మారాలన్నది దాని అర్థం.

అయితే స్వభావానికి తగిన ప్రేరణ దొరికినంత మాత్రాన అది నిలుస్తుందా అన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. దీనికి మీమాంసాశాస్త్రం చేసిన విభజన ఉపకరిస్తుంది. కర్మలు ప్రధానంగా నిత్యం, నైమిత్తికం, కామ్యం అని మూడు విధాలు: ప్రతిదినం తప్పక చేయవలసినది నిత్యం, ఒక సందర్భం వచ్చినప్పుడు చేయవలసినది నైమిత్తికం, ఒక ఫలాన్ని కోరి చేసేది కామ్యం. తిరుమలకు అలిపిరి నుంచి సుమారు 3,550 మెట్లు ఎక్కే భక్తుల్లో ఊళ్లో రెండంతస్తులు ఎక్కడానికి కూడా లిఫ్టు కోసం ఎదురుచూసేవారు ఎందరో ఉంటారు. నడుం వంచి ప్రతి మెట్టుకూ పసుపు కుంకుమలు పెడుతూ, గాలిగోపురం దాటి, మోకాళ్ల పర్వతం దగ్గర మోకాళ్లతో ఎక్కి కొండకు చేరే స్త్రీ చూపే ఓర్పు ఏ వ్యాయామశాలలోనూ సులువుగా కనిపించదు. భక్తి అనే ప్రేరణకు దేహాన్ని కదిలించే శక్తి ఎంతటిదో దీనివల్ల తెలుస్తుంది. కానీ ఆ నడక మొక్కుకు ముడిపడి ఉంది. మొక్కు తీరాక దాని పని ముగుస్తుంది. బరువు తగ్గాలనో పెళ్లినాటికి సన్నబడాలనో చేసే వ్యాయామం కూడా కామ్యమే కాబట్టి ఫలం దక్కినా ఆగిపోతుంది, దక్కదని తోచినా ఆగిపోతుంది. భక్తిస్వభావం గలవారు తమ ప్రేరణను నిత్యకర్మగా మార్చుకోవాలంటే కొండను రోజూ ఎక్కనక్కరలేదు. ఇంటిదగ్గరి గుడికి బండి మీద వెళ్లడం మాని నడిచి వెళ్లి ప్రదక్షిణలు చేయడాన్ని పూజలో భాగంగా భావిస్తే చాలు.

ప్రేరణలో ఉన్న తరతమభేదాన్ని గీత పదిహేడవ అధ్యాయం తపస్సు సందర్భంలో నిశితంగా విశ్లేషించింది. సత్కారం, గౌరవం, పూజ దక్కాలనీ, డంబం కోసమూ చేసేది రాజసతపస్సు. అది చంచలమైనది, నిలకడలేనిది అని గీత నిర్ణయించింది. మూఢమైన పట్టుదలతో తనను తాను హింసించుకుంటూ చేసేది తామసం. ఫలంపై ఆశ లేకుండా శ్రద్ధతో చేసేది సాత్త్వికం. అద్దంలో కనబడే రూపం కోసం, ఇతరుల మెప్పు కోసం చేసే సాధన ఎందుకు నిలవదో ఈ విభజన చెబుతుంది. తన దేహంపై ద్వేషంతో దాన్ని శిక్షించడానికి చేసే కసరత్తు ఎంత కఠినమైనా ఎందుకు ఉత్తమం కాదో కూడా చెబుతుంది. రాజసప్రేరణతో మొదలుపెట్టినవారిని అందుకు తప్పుపట్టనక్కరలేదు. కదలకుండా ఉండిపోవడం కన్నా మెప్పు కోసమైనా కదలడం మేలే. అయితే మెప్పు ఇచ్చిన తొలి ఊపు తగ్గేలోగా, చేసే పనిలోనే ఉన్న తేలికదనాన్నీ స్పష్టతనూ రుచి చూడటం అలవడాలి. పద్దెనిమిదవ అధ్యాయం సాత్త్వికసుఖం మొదట విషంలా తోచి చివరకు అమృతమవుతుందని వర్ణించింది. మొదటి వారాల కాళ్లనొప్పులనూ ఆయాసాన్నీ ఓర్చుకున్నవారికి ఈ వర్ణన అనుభవంలోనిదే.

రకాల విభజన మనిషిని తన స్వభావంలోనే బంధిస్తుందన్న ఆక్షేపణకు కూడా సమాధానం చెప్పాలి. సత్త్వరజస్తమోగుణాల్లో ఒకటి మిగిలిన రెండింటినీ అణచి పైకి వస్తూ ఉంటుందని గీత పద్నాలుగవ అధ్యాయం చెబుతుంది. అంటే గుణాల పాళ్లు మారేవే. ఉదయం బరువుగా లేచిన మనిషే నాలుగు అడుగులు వేశాక చురుకవుతాడు. ఆ చిన్న మార్పే, తమస్సు శాశ్వతం కాదనడానికి ప్రతిదినం దొరికే రుజువు. ఆత్మే సత్యమైనప్పుడు దేహాన్ని ఇంతగా పట్టించుకోవడం ఎందుకన్న ఆక్షేపణకు కాళిదాసు కుమారసంభవం ఐదవ సర్గలో జవాబు ఉంది. బ్రహ్మచారి వేషంలో వచ్చిన శివుడు ఘోరతపస్సు చేస్తున్న పార్వతిని, ఆమె తన శక్తికి తగినంతలోనే తపస్సు చేస్తున్నదా అని అడుగుతూ, ధర్మసాధనకు మొదటి ఉపకరణం శరీరమేనని గుర్తు చేస్తాడు. దేహానికి విలువ ఉందన్నదీ, శక్తికి తగిన కొలత ఉండాలన్నదీ, రెండూ అక్కడ కలిసే వచ్చాయి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ప్రకటించిన మార్గదర్శకాలు పెద్దలకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థాయి శ్రమను సూచించాయి. ఆ నిమిషాలను నడకతో నింపాలా, దండీలూ బస్కీలతోనా, కోలాటంతోనా, సూర్యనమస్కారాలతోనా అన్నది శాసించే హక్కు ఎవరికీ లేదు. అక్కడ స్వభావానికి పూర్తి స్వేచ్ఛ ఉంది. అసలు చేయాలా వద్దా అన్నచోట మాత్రం స్వభావానికి మాట లేదు. స్వభావాన్ని ఎవరూ కోరి తెచ్చుకోలేదు కనుక దాని కారణంగా సిగ్గుపడనక్కరలేదు. కానీ తన బలమేదో, కొరతేదో, తాను ఆగిపోయే చోటేదో తెలుసుకున్న తరువాత, ఆ తెలివిని వాడుకోవలసిన బాధ్యత నుంచి ఎవరూ తప్పించుకోలేరు. అందుచేత తగిన ప్రేరణను వెతకడం ఆత్మపరీక్షలో ఒక భాగమవుతుంది, దాన్ని రోజూ ఆచరణలో నిలపడం స్వధర్మంలో ఒక భాగమవుతుంది.